ఆమె వాకిట నమాజు, ఆమె చేతి అంబలి

నిరుడు సంక్రాంతి సెలవుల్లో మేము కాకినాడ నుంచి కారులో మన్యం చూడటానికి బయలుదేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. ఏలేశ్వరం, అడ్డతీగల మీదుగా రాజవొమ్మంగి చేరి, అక్కడి నుంచి కృష్ణదేవిపేట, నర్సీపట్నం చూసుకుని, తుని మీదుగా ఇంటికి తిరిగి రావాలని మా ఆలోచన. డిక్కీలో ఒక దేగిశా నిండా బిర్యానీ, ఒక డబ్బా కబాబులు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, పిల్లలకు బిస్కెట్లు, ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు. కొండల్లో మనకు తినదగ్గది ఏమీ దొరకదని ముందే తీర్మానించుకుని బయలుదేరామన్నమాట.

రాజవొమ్మంగి దాటిన తరువాత ఒక చిన్న పల్లె దగ్గర జుహర్ వేళయింది. రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక ఇంటి ముందు కారు ఆపాం. వాకిట్లో ఒక ముసలామె చేటలో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తున్నది. "అవ్వా, కాసేపు నమాజు చేసుకుంటాం, ఇక్కడ చోటిస్తావా?" అని అడిగాను. నమాజు అంటే ఏమిటో ఆమెకు తెలుసో తెలియదో. "దేవుడికి దణ్ణం పెట్టుకుంటారా బాబూ?" అన్నది. చేట పక్కన పెట్టి లేచి, చీపురు తీసుకుని వాకిలంతా ఊడ్చింది. లోపలి నుంచి చాప తెచ్చి పరిచింది. పొద్దు ఎటు తిరిగిందో చూపించి, పడమర ఇదేనని చెప్పింది. మా జానమాజులు ఆమె చాప మీద పరుచుకుని ముసాఫిర్ల నమాజు రెండు రకాతులు చేసుకున్నాం. అంతసేపూ ఆమె తన మనవడిని అటువైపు పరుగెత్తకుండా ఒడిలో పట్టుకుని కూర్చున్నది.

నమాజు ముగిసేసరికి ఆమె ఒక సత్తుగిన్నెలో చోడి అంబలి తెచ్చి మా ముందు పెట్టింది. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. "ఎండన పడి వచ్చారు, తాగండి బాబూ" అన్నది.

మేము తాగలేదు. మా ఆవిడ నా వైపు చూసింది, నేను మా అమ్మ వైపు చూశాను. "మాకు తిండి ఉందవ్వా, వద్దు" అన్నాను. పిల్లవాడు గిన్నె వైపు చెయ్యి చాచబోతే వెనక్కి లాగాను. ఆమె ఏమీ అనలేదు. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. వెళ్ళొస్తామని గుమ్మం దగ్గర నిలబడి కేకవేస్తే, లోపలి నుంచే "ఊఁ" అన్నది.

కారు కదిలిన తరువాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరికి మా అమ్మే అన్నది: "మీ దాదీ పిఠాపురం పక్కన పల్లెలో చోడి అంబలి తాగే పెరిగింది. మనం ఇవాళ ఎవరి గిన్నె కాదన్నామో!"

సోదరులారా, ఈ వ్యాసం ఆ గిన్నె గురించే. ఆమె నేల మీద సజ్దా చేయడానికి మాకు అభ్యంతరం లేకపోయింది. ఆమె చేతి అంబలి తాగడానికి మాత్రం వచ్చింది. ఇది ఏ ధర్మం ప్రకారం?

అంబలిలో ఏముంది?

చోళ్ళను రాయలసీమలో, తెలంగాణలో రాగులు, తైదలు అంటారు. వాటి పిండిని నీళ్ళలో కలిపి ఉడికించి, పులియబెట్టిన గంజి చేర్చి చల్లబరిస్తే అంబలి. అందులో పిండి, నీళ్ళు, ఉప్పు తప్ప ఏమీ లేవు. అది హలాలా హరామా అని ఆలోచించవలసిన అవసరమే లేదు. ధాన్యం, కూరగాయలు, పండ్లు, పాలు, తేనె, నీళ్ళు ఎవరి ఇంట్లోవైనా, శుభ్రంగా ఉన్నంతవరకు మనకు ధర్మసమ్మతమే. చేపకు జబహ్ అక్కరలేదు. జబహ్ ప్రశ్న వచ్చేది జంతు మాంసం, కోడి మాంసం దగ్గర మాత్రమే. మన్యంలో సామాన్య కుటుంబం ఏడాది పొడుగునా తినేది ఏమిటో చూడండి. చోడి అంబలి, సామల అన్నం, కొర్రలు, కందిపప్పు, చిక్కుళ్ళు, అడవి దుంపలు, వానాకాలంలో వెదురు కొమ్ముల కూర, చింతపండు పులుసు, పనస, సీతాఫలం. ఇందులో మనం తినకూడనిది ఏది?

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ తరువాత కాకినాడ, రాజమండ్రి దుకాణాల్లో ఇవే సామలు, కొర్రలు అందమైన పొట్లాలలో అమ్ముతున్నారు. షుగరు ఉన్నవాళ్ళం మంచి ధర పెట్టి కొనుక్కుంటున్నాం. పొట్లంలో ఉంటే ఆరోగ్యం, అవ్వ గిన్నెలో ఉంటే అనుమానం! మాది హలాల్ పట్టింపు అని ఆ రోజు నేను అనుకున్నాను. నిజానికి అందులో సగం నాగరికుల అహంకారం.

చోళ్ళ చరిత్ర తెలుసుకుంటే మన సిగ్గు ఇంకా పెరుగుతుంది. ఈ పంట పుట్టిల్లు ఇథియోపియా, ఉగాండాల వంటి తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రదేశాలు. అక్కడి నుంచే వేల ఏళ్ళ క్రితం మన దేశానికి వచ్చింది. ఇథియోపియా అంటే మన గ్రంథాల్లోని హబషా. మక్కాలో హింస భరించలేక తొలి ముస్లింలు క్రీస్తుశకం 615లో వలస వెళ్ళింది ఆ దేశానికే. నజ్జాషీ రాజు క్రైస్తవుడు. ఆయన నీడలో వారిలో కొందరు పన్నెండేళ్ళకు పైగా బ్రతికారు. ఆ దేశపు ధాన్యం తిన్నారు, ఆ దేశపు నీళ్ళు తాగారు. పరాయి దేశంలో, పరాయి ధర్మం వారి ఆదరణలో తమ విశ్వాసాన్ని కాపాడుకున్నారు. అంటే తొలి తరం ముస్లింలు అతిథులుగా ఉండటం నేర్చుకున్న తరువాతే మదీనాలో ఆతిథ్యం ఇవ్వగలవారయ్యారు.

దైవప్రవక్త (స) ఏ ఆహారాన్నీ తప్పుపట్టలేదని, ఇష్టమైతే తిన్నారని, లేకపోతే ఊరకున్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఒకసారి ఆయన ముందు కాల్చిన ఎడారి ఉడుము మాంసం పెట్టారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, నిషిద్ధం కాదని, తమ ప్రాంతంలో లేనిది గనుక తనకు సయించదని చెప్పారు. ఆయన చూస్తుండగానే ఖాలిద్ తిన్నారు. ఈ సంఘటనలో ప్రయాణం చేసేవారికి ఎంత పెద్ద పాఠం ఉందో గమనించండి. నాకు సయించకపోవడం వేరు, అల్లాహ్ నిషేధించడం వేరు. నా అలవాటును ధర్మం పేరుతో ఎదుటివారి ముందు పెట్టే హక్కు నాకు లేదు. ఆ వాకిట్లో నేను చేసింది సరిగ్గా ఆ పొరపాటే.

మాంసం సంగతి

ఇక అసలైన ప్రశ్నకు వద్దాం. మారేడుమిల్లి వైపు వెళ్ళేవారంతా చెప్పుకునేది బొంగు చికెన్. కోడి ముక్కలకు ఉప్పు, కారం, మసాలా పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి మూసి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. వెదురులోని తడితోనే మాంసం ఉడుకుతుంది. మన కుర్రవాళ్ళు కొందరు ఏమీ అడగకుండా తినేస్తున్నారు. మరికొందరు బండి దగ్గర నిలబడి నలుగురి ముందు, "ఎవరు కోశారు? ఎలా కోశారు?" అని పోలీసు విచారణ చేస్తున్నారు. రెండూ పొరపాటే. మొదటిది ధర్మం పట్ల నిర్లక్ష్యం, రెండోది మనిషి పట్ల.

మూడో దారి ఉంది, చాలా తేలిక కూడా. ఏజెన్సీలో వారానికొకసారి సంతలు జరుగుతాయి. అక్కడ నాటుకోళ్ళు ప్రాణంతో అమ్ముతారు. కోడిని కొనండి. మనలో జబహ్ తెలిసినవారు అల్లాహ్ పేరు ఉచ్చరించి కోయండి. ఆ తరువాత బొంగులో వండటం తెలిసినవారికి ఇచ్చి, వారి కూలి పూర్తిగా చెల్లించి వండించుకోండి. "మా పద్ధతిలో మేము కోసుకుంటాం, మీ పద్ధతిలో మీరు వండిపెట్టండి" అని నవ్వుతూ చెబితే బాధపడేవారు ఎవరూ ఉండరు. కొండవారికి ఆ మాట కొత్త కాదు. వారికీ తిండి విషయంలో ఎన్నో నియమాలున్నాయి. ఆ సంగతి తరువాత చెబుతాను.

జీలుగు కల్లు విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. జీలుగు చెట్టు కల్లు మన్యంలో అతిథికి ఇచ్చే మర్యాద. మనకు అది నిషిద్ధం. గుండె మీద చెయ్యి పెట్టుకుని "మా ధర్మంలో లేదు" అంటే చాలు. ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. విహారయాత్ర పేరుతో వచ్చి ఆ కల్లు తాగి రోడ్ల మీద కేకలు పెట్టే పట్నం కుర్రవాళ్ళలో మన పిల్లలు ఉండకూడదు.

ఈ రోడ్డు ఎవరిది?

కొండల మధ్య నల్లటి రోడ్డు మీద కారు సాఫీగా పోతుంటే మనం కిటికీలోంచి పొగమంచు చూసి మురిసిపోతాం. ఆ మురిపెం తప్పు కాదు. కానీ ఆ దారుల చరిత్ర పిల్లలకు చెప్పకుండా తిప్పడం తప్పు.

మన్యంలో తిండికీ తిరుగుబాటుకూ దగ్గర సంబంధం ఉంది. 1879లో రంప ప్రాంతంలో చెలరేగిన తిరుగుబాటుకు కల్లు మీద వేసిన పన్ను ఒక ముఖ్య కారణం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సాగుకు, అడవిలో కట్టెలు, దుంపలు తెచ్చుకోవడానికి అడ్డుగోడలు కట్టింది. అంటే గిరిజనుడి పళ్ళెం మీదే చెయ్యి పడింది. ఆ తరువాత రోడ్లు వచ్చాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి బలవంతంగా రోడ్డు పని చేయించాడు. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన పోరాటానికి ఆ రోడ్డు పని కష్టాలు కూడా కారణమయ్యాయి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద రాజు దళం దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయింది. రాజవొమ్మంగి ఠాణాలో బందీగా ఉన్న వీరయ్య దొరను ఆ రోజే విడిపించింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మేము అక్కడ ఆగాం. మా పిల్లలు అడిగిన ప్రశ్నలకు సగమే జవాబు చెప్పగలిగాను.

ఈ కథలో మనవాడొకడు ఉన్నాడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పోలవరంలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన ఫజులుల్లా ఖాన్, సీతారామరాజు పట్ల సానుభూతితో వ్యవహరించాడు. ప్రభుత్వం అనుమానించి నిఘా పెట్టిన ఆ యువకుడికి అడ్డతీగల ప్రాంతంలోని పైడిపుట్టలో నివాసం ఏర్పాటు చేశాడు. ఒకరు ధనుర్బాణాలు ధరించిన సన్యాసి, మరొకరు తెల్లదొరల కొలువులో ఉన్న ముస్లిం. ఒకరి ధర్మం మరొకరికి అడ్డు రాలేదు. అంతకుముందు సహాయ నిరాకరణ రోజుల్లో గిరిజనులు కల్లు, సారా మానాలనీ, తగవులు పంచాయతీల్లోనే తీర్చుకోవాలనీ రాజు ప్రచారం చేశాడు. ఈ మాట మన ఇళ్ళలో చెప్పుకోదగినది కాదా?

కొత్త తినే పండుగ

ఇందాక కొండవారి తిండి నియమాలు అన్నాను. మన్యంలో కొత్త పండుగలని ఉన్నాయి. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, సామ కొత్త ఇలా పంట పంటకూ ఒక పండుగ. చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా, పొలంలో గింజ పండినా, ఊరంతా కలిసి దేవతకు పెట్టే దాకా ఆ కొత్త పంటను నోట పెట్టరు. ఆకలి ఉన్నా ఆగుతారు. ఆ రోజు వచ్చిన తరువాత అందరూ కలిసి తింటారు.

రమజానులో మగ్రిబ్ అజాన్ కోసం ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చునే మనకు ఇది అర్థం కావాలి. తిండి ముందు ఆగడం తెలిసిన మనుషులు వారు. వారు ఎవరి పేరున ఆగుతారో, మనం ఎవరి పేరున ఆగుతామో వేరు. విశ్వాసంలో మనకూ వారికీ ఉన్న తేడాను చెరిపివేయమని నేను అనడం లేదు. మనం ఏకేశ్వరోపాసకులం, ఆ మాట దాచుకోవలసిన పని లేదు. కానీ అన్నం కేవలం మన కష్టంతో వచ్చినది కాదని, ఇచ్చినవాడు ఒకడున్నాడని తలచి చెయ్యి ఆపే మనిషిని చూసి 'అనాగరికుడు' అనడం మన ధర్మం మనకు నేర్పలేదు.

పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ మన దేశాన్ని గురించి పెద్ద గ్రంథం రాశాడు. సంస్కృతం నేర్చుకున్నాడు, పండితులతో కూర్చున్నాడు, హిందువుల విశ్వాసాలను వెక్కిరించకుండా వారు చెప్పినది చెప్పినట్లు రాయడానికి పూనుకున్నాడు. తన విశ్వాసం ఆయన ఎక్కడా వదులుకోలేదు. ఇతరుల పవిత్ర స్థలాల దగ్గర ముస్లిం ప్రయాణికుడు ఎలా ఉండాలో ఆయన్ను చూసి నేర్చుకోవచ్చు. తొలి ఖలీఫా అబూబక్ర్ (రజి) సిరియాకు సైన్యం పంపుతూ, మఠాలలో ఉన్న సన్యాసుల జోలికి పోవద్దనీ, పండ్ల చెట్లు నరకవద్దనీ ఆదేశించారని గ్రంథాల్లో ఉంది. యుద్ధానికి వెళ్ళేవారికే ఆ నియమం ఉంటే, విహారానికి వెళ్ళే మనకు ఎంత ఉండాలి?

పాడేరు దగ్గర మత్స్యగుండం అనే చోటు ఉంది. ఆ మడుగులో చేపలను అక్కడివారు దైవంగా భావించి పట్టరు. అక్కడ గాలం వేయాలని సరదాపడేవాడు చేపను కాదు, ఊరి మనసును గుచ్చుతాడు. ఊరి చివర చెట్టు కింద పసుపు రాసిన రాళ్ళు కనిపిస్తే, వాటి మీద కూర్చుని ఫోటోలు దిగకండి. చెప్పులు విడవమన్న చోట విడవండి, లేదా బయటే ఉండండి.

తిరుగుదారిలో తుని దగ్గర తలుపులమ్మ లోవ చూశాం. అక్కడికి వచ్చే కుటుంబాలు చెట్ల కింద పొయ్యిలు పెట్టుకుని వండుకుని తింటాయి. కొత్త బండి కొన్నవారు దాన్ని అక్కడికి తెస్తారు. ఒక చెట్టు కింద మేము మా బిర్యానీ తింటుంటే, పక్క పొయ్యి వారు కోడికూర తెచ్చి ఇవ్వబోయారు. అమ్మవారి పేర కోసిన కోడి మనకు తగదు. "అమ్మా, దేవతకు పెట్టినది మేము తినకూడదు, తెల్ల అన్నం, పచ్చడి ఉంటే పెట్టండి" అన్నది మా అమ్మ. ఆ ఇల్లాలు నవ్వి అన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. మా దేగిశాలోంచి ఆమె పిల్లలకు బిర్యానీ వెళ్ళింది. రాజవొమ్మంగిలో నాకు చేతకానిది మా అమ్మకు లోవలో చేతనైంది. కాదనడానికీ ఒక పద్ధతి ఉంటుంది. ఒకటి కాదన్న నోటితోనే మరొకటి అడగడం ఆ పద్ధతి.

అన్నవరం, పిఠాపురం దాటితే మా ఊరు. అన్నవరం కొండ మీద ప్రసాదం పొట్లం కట్టే అడ్డాకు మన్యం అడవుల నుంచే వస్తుంది. ఇక పిఠాపురం ఉమర్ ఆలీషా (1885–1945) ఊరు. తెలుగులో కావ్యాలు, నాటకాలు రాసి, కేంద్ర శాసనసభ సభ్యుడిగా పనిచేసిన కవి ఆయన. ఆయన ఆధ్యాత్మిక పీఠానికి అన్ని మతాల వారూ వస్తారు. మన ఊళ్ళలో దర్గాల ముందు, పీర్ల చావిళ్ళ ముందు నిలబడేవారిలో సగం మంది ముస్లింలు కారు. దర్గాల విషయంలో మనలో మనకు భిన్నాభిప్రాయాలున్నాయి, అది వేరే చర్చ. కానీ ఆ హిందూ సోదరులు చెప్పులు విడిచి, తలమీద రుమాలు వేసుకుని, మనం పెట్టిన మలీదా కళ్ళకద్దుకుని తింటే మనకు ఎంత సంతోషం! ఆ సంతోషాన్ని ఎదుటివారికి ఇవ్వడంలో మాత్రం మనం పిసినారులం కావచ్చునా?

మన పళ్ళెం మీద చూపు

చివరగా ఒక మాట, కొంచెం కటువైనదే. పట్నాలలో ఇల్లు అద్దెకు అడిగితే, మన పేరు వినగానే కొందరు అడిగే మొదటి ప్రశ్న "మీరు ఏం తింటారు?" అని. ఆ ప్రశ్న మనకు ఎలా గుచ్చుకుంటుందో మనకు తెలుసు. స్కూలులో మన పిల్లవాడి టిఫిన్ డబ్బా వైపు అనుమానంగా చూసే చూపు ఎలా ఉంటుందో తెలుసు. పక్కింటివారు మన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకపోతే రాత్రి నిద్ర పట్టదు మనకు. ఆ ముసలామె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళినప్పుడు ఆమె వీపు మీద అదే గాయం నేను చూశాను. ఈసారి చేసినవాణ్ణి నేనే.

పళ్ళెం మీద అనుమానపు చూపును రోజూ భరించే మనం, మరొకరి పళ్ళెం మీద ఆ చూపు వేయకూడదు. ఇది ఇతరులకు మనం చేసే ఉపకారం కాదు. మన బాధను మనం నిజంగా అర్థం చేసుకున్నామా లేదా అనడానికి పరీక్ష.

కనుక మన్యం వెళ్ళే కుటుంబాలకు నా విన్నపం ఇది. బిర్యానీ తీసుకెళ్ళండి, తప్పులేదు. కానీ రోజుకు ఒక పూటైనా అక్కడి ధాన్యం, అక్కడి కూర తినండి. ఏది మనకు తగదో ముందుగా తెలుసుకుని వెళ్ళండి, అప్పుడు తగినది కాదనరు. తేనె, చింతపండు, పసుపు కొంటే బేరమాడకండి. గిరిజనుల సరుకు కొనడానికి 1956లోనే గిరిజన సహకార సంస్థ ఏర్పడింది, దాని దుకాణాల్లో ధరలు చూస్తే న్యాయమైన వెల తెలుస్తుంది. నమాజుకు చోటు అడిగి తీసుకోండి, లేచేటప్పుడు చాప మీరే చుట్టి ఇవ్వండి. ప్లాస్టిక్ పళ్ళాలు తీసుకెళ్ళకండి, అడ్డాకు విస్తళ్ళు అక్కడే దొరుకుతాయి. మీరు తెచ్చిన చెత్త మీతోనే తిరిగి రానివ్వండి.

భూమి మీద తిరిగి చూడమని ఖుర్ఆన్ పలుచోట్ల మనకు చెబుతుంది. జాతులుగా, తెగలుగా మనుషులను చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని కూడా చెబుతుంది. మన వంటగదిని డిక్కీలో పెట్టుకుని, అద్దాలు ఎత్తుకుని తిరిగి వస్తే తిరిగినట్లు అవుతుంది గాని, తెలుసుకున్నట్లు కాదు.

ఏప్రిల్‌లో మళ్ళీ రాజవొమ్మంగి వెళ్ళాను, ఈసారి అమ్మను మాత్రం తీసుకుని. ఆ ఇల్లు తాళం వేసి ఉంది. జీడిమామిడి గింజలు ఏరే పనికి అందరూ తోటలకు వెళ్ళారని, పొద్దుగూకితే గాని రారని పక్కింటి కోడలు చెప్పింది. ఎందుకొచ్చారని అడిగితే, అవ్వ ఇస్తానన్న అంబలి తాగడానికి వచ్చామని అమ్మ చెప్పింది. ఆ అమ్మాయి మమ్మల్ని కాసేపు వింతగా చూసి, లోపలికి వెళ్ళి రెండు గిన్నెలు తెచ్చింది. "బిస్మిల్లాహ్" అని తాగాం. పుల్లగా, చల్లగా ఉంది. అవ్వకు చెప్పమని కబురు పెట్టి, ఖర్జూరాల పొట్లం ఆమె గుమ్మంలో ఇచ్చి వచ్చాం.

కబురు చేరే ఉంటుంది. కానీ ఆ రోజు గిన్నె ఆ రోజుదే. అది తిరిగి రాదు. మీకు ఎవరైనా గిన్నె అందిస్తే, ఇంకోసారి వచ్చి తాగుదామని మాత్రం అనుకోకండి.